పిఠాపురం ట్రంకు పెట్టె, పులిపాడు బల్లెం

నూజివీడు జమీందారుల ఇంటి తగాదా ఒకటి 19వ శతాబ్దపు చివరి పాతికేళ్లలో లండన్ దాకా వెళ్లింది. జమీ మొత్తం పెద్దకొడుక్కే దక్కాలా, అన్నదమ్ములందరికీ పంచాలా అన్నది పేచీ. బందరులో మొదలై, మద్రాసు మీదుగా, సముద్రం దాటి డౌనింగ్ వీధిలోని ప్రివీ కౌన్సిల్ ముందుకు చేరింది. అక్కడి పెద్దలు పంచాల్సిందేనన్నారు. మేకా అప్పారావు వంశంవారి ఎస్టేటు ముక్కలైంది. ఉయ్యూరు, మీర్జాపురం, తేలప్రోలు లాంటి పేర్లు వేరువేరు ఎస్టేట్లుగా వినబడడం అలా వచ్చిందే. ఈనాడు చిన్నరసాలు, బంగినపల్లి కాసే ఈ నేల మీద ఎవరికెంత హక్కో ఒకప్పుడు తేల్చింది, సముద్రం అవతల కూర్చున్న దొరలు.

భూమి తగాదాలు లండన్ వెళ్లడం ఆ రోజుల్లో వింత కాదు. జమీందారు దగ్గర డబ్బుంటుంది, ప్లీడర్లుంటారు, తరాల తరబడి కొట్లాడే ఓపిక ఉంటుంది. క్రిమినల్ కేసు అలా కాదు. ప్రివీ కౌన్సిల్ తనను తాను క్రిమినల్ అప్పీళ్ల కోర్టుగా ఎన్నడూ అనుకోలేదు. న్యాయం మరీ తలకిందులైందని తోస్తే తప్ప హత్య కేసుల్లో వేలు పెట్టేది కాదు. అలాంటి చోటికి 1937, 1946 సంవత్సరాల మధ్య తెలుగువాళ్ల హత్య కేసులు రెండు చేరాయి. ఒకదానిలో చనిపోయినవాడు పిఠాపురం దివాను దగ్గర పనిచేసిన బంట్రోతు. రెండోది గుంటూరు జిల్లాలో ఒక పల్లె పార్టీల తగాదా. జమీల కోసం జరిగిన వ్యాజ్యాలు జమీలతోపాటే చరిత్రలో కలిసిపోయాయి. ఈ రెండు హత్యలు మాత్రం ఇవాళ కాశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా ప్రతి సెషన్స్ కోర్టులో వినబడుతున్నాయి.

మొదటిది పాకాల నారాయణస్వామి కేసు. లా కాలేజీ గడప తొక్కినవాడెవడూ ఈ పేరు వినకుండా బయటికి రాడు. పేరు తెలిసినంతగా కథ తెలియదు.

నారాయణస్వామి పిఠాపురం దివానుకు అల్లుడు. 1919లో పెళ్లయింది. దంపతులు బరంపురంలో కాపురం పెట్టారు. 1933 ప్రాంతంలో మళ్లీ పిఠాపురం వచ్చి మామగారింట కొంతకాలం ఉన్నారు. సూర్యరాయాంధ్ర నిఘంటువును పోషించిన సంస్థానం అది. కవులకు, పండితులకు అక్కడ కొదవ లేదు గానీ దివానుగారి అల్లుడికి డబ్బుకు మాత్రం కటకటగానే ఉండేది. దివాను కొలువులో ఉన్న నలభయ్యేళ్ల బంట్రోతు దగ్గర ఆ ఇంటి ఆడపడుచు, అంటే నారాయణస్వామి భార్య, అప్పు చేసింది. 1936లో విడతలు విడతలుగా తీసుకున్నది మూడు వేల రూపాయలు. వడ్డీ ఏడాదికి నూటికి 18. ఆ కాలానికి మూడు వేలంటే చిన్న మొత్తం కాదు. దివానుగారి కూతురు బంట్రోతుకు బాకీ పడిందన్న మాట ఊళ్లో పొక్కితే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఆమె సంతకాలున్న ఉత్తరాలు, చీటీలు యాభై దాకా అతను ఇంట్లో భద్రంగా దాచుకున్నాడు. అతను పోయాక పోలీసులకు దొరికినవి అవే.

1937 మార్చి 20, శనివారం. బంట్రోతుకు ఒక ఉత్తరం వచ్చింది. సంతకం లేదు. బరంపురం రమ్మని పిలుపు. దాన్ని భార్యకు చూపించి, అమ్మగారు బాకీ తీరుస్తానని రమ్మన్నారు, వెళ్లొస్తానన్నాడు. మర్నాడు ఆదివారం రైలెక్కాడు. మంగళవారం నాడు పూరీ స్టేషనులో మూడో తరగతి పెట్టెలో ఎవరూ దించుకోని ఉక్కు ట్రంకు ఒకటి కనబడింది. మూత తీస్తే ఏడు ముక్కలు చేసిన శవం. గుర్తుపట్టింది భార్యే.

పోలీసులు నారాయణస్వామి ఇంటికొచ్చి అడిగినప్పుడు, ఇంకా అరెస్టు కాకముందు, అతనొక మాట చెప్పాడు. బంట్రోతు 21 సాయంత్రం తమ ఇంటికొచ్చాడనీ, రాత్రి ఇంటి ఆవరణలోని గదిలో పడుకున్నాడనీ, మర్నాడు సాయంత్రం రైలుకు వెళ్లిపోయాడనీ. చంపానని చెప్పలేదు. కానీ చనిపోయినవాడు తన గడప తొక్కాడని ఒప్పుకున్నట్టే.

విచారణ చిత్రమైన దారుల్లో నడిచింది. మొదట మేజిస్ట్రేటు సాక్ష్యం చాలదని నిందితులను వదిలేశాడు. సెషన్స్ జడ్జి ఊరుకోలేదు. భార్యాభర్తలిద్దరినీ విచారణకు పంపమన్నాడు. చివరికి భార్య నిర్దోషిగా బయటపడింది, భర్తకు ఉరిశిక్ష పడింది. అప్పీలు వెళ్లింది మద్రాసుకు కాదు, పాట్నాకు. గంజాం జిల్లాను 1936 ఏప్రిల్ 1న మద్రాసు రాజధాని నుంచి తీసి కొత్తగా ఏర్పడిన ఒరిస్సాలో కలిపారు. ఒరిస్సాకు అప్పట్లో సొంత హైకోర్టు లేదు. హత్య ఒక్క ఏడాది ముందు జరిగి ఉంటే ఇది మద్రాసు కేసు అయ్యేది. పాట్నా హైకోర్టు ఉరిని ఖాయం చేసింది. అక్కణ్ణుంచి లండన్.

అక్కడ తీర్పు రాసింది లార్డ్ అట్కిన్. అల్లం పానీయం సీసాలో నత్త వచ్చిందన్న ఒక స్కాట్లాండు స్త్రీ ఫిర్యాదు మీద, సరుకు తయారుచేసినవాడికి వాడుకునేవారి పట్ల బాధ్యత ఉంటుందని 1932లో తేల్చి, లోకంలోని వినియోగదారుల చట్టాలకు పునాది వేసిన మనిషి. 1939 జనవరి 19న ఆయన పాకాల కేసులో చెప్పినవాటిలో మూడు సంగతులు నిలిచిపోయాయి. న్యాయవాదులు ఆ తీర్పును తిరగేసేది నారాయణస్వామి గతి ఏమైందో తెలుసుకోవడానికి కాదు, ఆ మూడింటి కోసమే.

ఒకటి, చనిపోయినవాడు భార్యతో అన్న మాట. ఇంగ్లండు చట్టంలో మరణ వాంగ్మూలమంటే చావు ముంచుకొచ్చిందని తెలిసి, ఇక బతకననుకున్నవాడు చెప్పినదే. బంట్రోతు గడప దాటేటప్పుడు చస్తానని అనుకోలేదు. బాకీ వసూలవుతుందన్న సంబరంలో ఉన్నాడు. అయినా ఆ మాట చెల్లుతుందన్నారు అట్కిన్. చావుకు దారితీసిన వ్యవహారంలోని పరిస్థితుల గురించి పోయినవాడు చెప్పినదేదైనా సాక్ష్యమేనని 1872 నాటి భారత సాక్ష్య చట్టం 32వ సెక్షన్ చెప్పేది; బాకీ ఇస్తానని పిలిస్తే వెళ్లడం ఆ చావుకు మొదటి మెట్టు. అలాగని ఎవరో ఏదో అనుమానపడ్డారన్న ఉత్త మాటలు పనికిరావు, చావుతో సూటిగా ముడిపడాలి అని హద్దు కూడా గీశారు.

రెండు, పోలీసులతో నారాయణస్వామి చెప్పిన మాట. దర్యాప్తులో పోలీసులు రాసుకున్న వాంగ్మూలాన్ని ప్రాసిక్యూషన్ సాక్ష్యంగా వాడరాదని క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 162వ సెక్షన్ చెప్పేది. ఆ నియమం సాక్షులకేనా, తర్వాత నిందితుడయ్యేవాడికి కూడానా? హైకోర్టులు తలో దారి పట్టాయి. ఏ వ్యక్తి అయినా అని చట్టంలో ఉన్నప్పుడు నిందితుడు అందులోంచి ఎలా తప్పిపోతాడన్నారు అట్కిన్. కాబట్టి ఆ మాట కోర్టులో చెల్లదు. ఒకడి వాంగ్మూలం నిజంగా కావాలనుకుంటే మేజిస్ట్రేటు ముందుకు తీసుకెళ్లి చట్టప్రకారం రాయించమన్నారు.

మూడు, నేరాంగీకారమంటే ఏమిటి? నేరం చేశానని కుండబద్దలు కొట్టి చెప్పాలి, లేదా నేరానికి కావాల్సిన సంగతులన్నీ దాదాపుగా ఒప్పుకోవాలి. చంపిన కత్తి నాదే, మొన్నటిదాకా నా దగ్గరే ఉంది అని చెప్పినంత మాత్రాన, అది ఎంత చిక్కుల్లో పడేసే మాటైనా, నేరాంగీకారం కాదు. సాక్ష్య చట్టాన్ని రాసిన జేమ్స్ స్టీఫెన్ మరోచోట ఇచ్చిన వెడల్పాటి నిర్వచనాన్ని కూడా ఆయన పక్కన పెట్టేశారు.

స్టేషనులో చెప్పిన మాట మీద చట్టానికి ఇంత అనుమానం ఎందుకు? ఆ అనుమానం ఊరికే పుట్టలేదు, మన రాజధానిలోనే పుట్టింది. 1854లో బ్రిటిష్ పార్లమెంటులో మద్రాసు ఇలాకాలో శిస్తు వసూలు కోసం రైతులను చిత్రహింసలు పెడుతున్నారన్న గొడవ రేగింది. కుంపిణీ ప్రభుత్వం ముగ్గురితో కమిషన్ వేసింది. మద్రాసు లాయరు జాన్ బ్రూస్ నార్టన్ అందులో ఒకడు. 1855లో వచ్చిన నివేదిక చదివితే ఒళ్లు జలదరిస్తుంది. వేళ్లను చెక్కల మధ్య పెట్టి నొక్కే కిట్టి, మనిషిని వంచి మెడను కాళ్లకు కట్టి ఎండలో నిలబెట్టే అనందాళ్. శిస్తు రాబట్టడానికీ, దొంగతనం ఒప్పించడానికీ పనిముట్లు ఇవే, చేతులు కూడా ఇవే. ఎందుకంటే రెవెన్యూ, పోలీసు అధికారాలు తాసీల్దారు దగ్గరే పోగుపడి ఉండేవి. వాటిని విడదీస్తూ మద్రాసుకు 1859లో పోలీసు చట్టం వచ్చింది. పోలీసులకు చెప్పిన నేరాంగీకారం చెల్లదన్న నియమం 1861లో క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోకీ, 1872లో సాక్ష్య చట్టం 25వ సెక్షన్‌లోకీ చేరింది. తెల్లదొరలు దయతలచి ఇచ్చిన వరమని దీన్ని పొగడనక్కర్లేదు. తమ ఠాణాల్లో ఏం జరుగుతోందో వాళ్లకు బాగా తెలుసు, అంతే.

అయితే ఆ గోడలో ఒక సందు వదిలారు. అదే 27వ సెక్షన్. పోలీసుల అదుపులో ఉన్నవాడు ఇచ్చిన సమాచారం వల్ల ఏదైనా సంగతి బయటపడితే, ఆ సంగతికి నేరుగా సంబంధించినంత మేరకు ఆ మాట చెల్లుతుంది. ఆ మేర ఎంత? దీనికి జవాబు గుంటూరు జిల్లా నుంచి వచ్చింది.

1944 డిసెంబరు 29 సాయంత్రం ఆరున్నర ప్రాంతం. పులిపాడు చెరువు మూల ఒక పార్టీవాళ్లు కాపు కాసి, వస్తున్న ఎదుటి పార్టీవాళ్ల మీద పడ్డారని ప్రాసిక్యూషన్ చెప్పింది. ఇద్దరు చనిపోయారు. పల్లెటూరి కక్షలు తెలిసినవారికి ఇందులో కొత్తేమీ కనబడదు. తెరవెనుక ప్రోద్బలం చేసిన పెద్దమనిషి, ముందుకు ఉరికిన కుర్రకారు, బల్లెం, కర్రలు. పోలీసుల అదుపులో నిందితులు చెప్పిన మాటలను కాగితం మీద పెట్టారు. మేం కాపు కాశాం, ఫలానావాళ్లను కొట్టి చంపాం, బల్లేన్ని ఫలానావారి గడ్డివామిలో దాచాను, రండి చూపిస్తాను, ఇదంతా పులుకూరి కోటయ్య చెబితే చేశాం అని. చూపించిన చోట ఆయుధాలు దొరికాయి. గుంటూరు సెషన్స్ కోర్టు నుంచి మద్రాసు హైకోర్టు దాకా ఆ మాటలన్నిటినీ సాక్ష్యంగా తీసుకున్నారు. బల్లెం దొరికింది కాబట్టి బల్లెంతో చేసిందంతా నిజమేనన్నది తర్కం.

1946 డిసెంబరు 19న ప్రివీ కౌన్సిల్ తీర్పు వచ్చింది. రాసింది సర్ జాన్ బోమాంట్. అంతకుముందు బొంబాయి హైకోర్టుకు పదమూడేళ్లు చీఫ్ జస్టిస్‌గా చేసిన మనిషి, మన పోలీసు స్టేషన్ల వాసన ఎరిగినవాడు. ఆయన తర్కం సూటిగా ఉంటుంది. ఇంటి కప్పులో కత్తి దాచాను, తీసిస్తాను అని ఒకడు చెప్పాడనుకోండి. దానివల్ల బయటపడింది కత్తి కాదు. కత్తులు లోకంలో ఏనాటినుంచో ఉన్నాయి. బయటపడింది ఏమిటంటే, ఆ ఇంటి కప్పులో కత్తి ఉందన్న సంగతి ఈ మనిషికి తెలుసన్నది. అంతవరకే చెల్లుతుంది. దాంతో ఫలానావాణ్ణి పొడిచాను అన్న ముక్క ఆ కత్తి దొరకడానికి ఏ విధంగానూ సాయపడలేదు, కాబట్టి అది కోర్టులో చొరబడరాదు. అలా కాకుండా మొత్తం ఒప్పుకుంటే, పోలీసులకు చెప్పిన, వాళ్ల అదుపులో చెప్పిన ఒప్పుకోళ్ల మీద 25, 26 సెక్షన్లు పెట్టిన నిషేధానికి అర్థమే ఉండదు. ప్రతి ఒప్పుకోలు వెంటా ఏదో ఒక వస్తువును దొరికించడం పోలీసులకు పెద్ద పని కాదు. ఈ చివరి వాదనలో బోమాంట్ వ్యంగ్యం కనబడుతుంది, దాచుకోలేదు కూడా.

చెల్లని మాటలను తీసేస్తే మిగిలిన సాక్ష్యం శిక్షకు చాలుతుందో లేదో చూడమని కేసును మద్రాసు హైకోర్టుకు తిప్పి పంపారు. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ నోటుబుక్కులో రాసుకున్న సాక్షుల వాంగ్మూలాలు నిందితులకు వేళకు అందకపోవడం మీద కూడా మాట పడింది.

ఇదంతా నూజివీడు మామిడి తోటలోకి తెచ్చి చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. తోట గుత్తకిచ్చిన చోట కాయ కోత రోజుల్లో కొట్లాట జరిగి ఒకడు పోయాడనుకుందాం. కావలివాణ్ణి పట్టుకున్నారు. కొడవలితో నరికాను, మూడో వరస చెట్టు మొదట్లో ఎండాకుల కింద దాచాను, చూపిస్తాను అన్నాడు. మధ్యవర్తులను వెంటబెట్టుకుని వెళ్లారు, కొడవలి దొరికింది. మధ్యవర్తుల నివేదికలో అంతా రాస్తారు. కోర్టులో చదవాల్సింది మాత్రం ఎండాకుల కింద కొడవలి దాచాను, చూపిస్తాను అన్నంత వరకే. నరికాను అన్న మాట కాగితం మీద ఉన్నా లేనట్టే. ఆ కొడవలి మీది నెత్తురు పోయినవాడిదేనా, అది వీడి చేతిలోదేనా, వీడు ఆ పూట అక్కడే ఉన్నాడా అన్నవన్నీ వేరే సాక్ష్యంతో తేలాలి. చేతికందే దూరంలో ఉన్న తేలిక దారిని మూసి పోలీసులను కష్టపడే దారిలోకి నెట్టడమే ఈ నియమం చేసిన పని.

కాగితం మీద ఇంత పకడ్బందీగా ఉన్నది ఆచరణలో ఎంత నిలిచిందన్నది వేరే కథ. నిందితుడు ఒప్పుకున్నాడన్న వార్త కేసు కోర్టుకెక్కకముందే ఊరంతా పాకుతుంది. ముసుగేసి విలేకరుల ముందు నిలబెడతారు, టీవీలో కథ మొత్తం వస్తుంది. ఇలాంటి రికవరీ చూపించని హత్య కేసు దాదాపు కనబడదు. ఆ మధ్యవర్తులు ఒక్కో స్టేషనుకు ఆస్థాన సాక్షుల్లా తయారైన చోట్లూ ఉన్నాయి. బోమాంట్ ఇరుకు చేసిన సందులోంచే బండ్లు తోలుతున్నారని చెప్పాలి. పాత కృష్ణా జిల్లాలోనే దీనికి చేదు ఉదాహరణ ఉంది. 2007 డిసెంబరులో ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఒక విద్యార్థిని హత్యకు గురైంది. మరుసటి ఏడాది నందిగామ ప్రాంతపు యువకుణ్ణి పట్టుకుని వీడే హంతకుడన్నారు. 2010లో విజయవాడ మహిళా కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు అతను నిర్దోషి అని తేల్చింది. అప్పటికి ఎనిమిదేళ్లకు పైగా జైల్లో గడిచిపోయాయి. దర్యాప్తు జరిపిన తీరును హైకోర్టు గట్టిగా తప్పుపట్టింది. పోయిన అమ్మాయి తల్లిదండ్రులు మొదటినుంచీ అతను నేరస్థుడు కాదనే అంటూ వచ్చారన్నది ఈ కేసులో అన్నిటికన్నా ఆలోచించాల్సిన సంగతి.

స్టేషనులో చెప్పిన మాటకు అమెరికా ఏం విలువ ఇచ్చిందో ఇప్పుడు చూద్దాం. 1963 మార్చిలో ఆరిజోనా రాష్ట్రం ఫీనిక్స్ పోలీసులు ఎర్నెస్టో మిరాండా అనే యువకుణ్ణి అపహరణ, అత్యాచారం కేసులో పట్టుకున్నారు. రెండు గంటలు గదిలో కూర్చోబెట్టి ప్రశ్నించాక ఒప్పుకోలు కాగితం మీద సంతకం చేశాడు. లాయరును పెట్టుకునే హక్కుందని ఎవరూ చెప్పలేదు. 1966 జూన్ 13న అమెరికా సుప్రీంకోర్టు 5–4 తేడాతో ఆ ఒప్పుకోలు చెల్లదంది. అదుపులోకి తీసుకున్న మనిషికి నువ్వు నోరు మెదపక్కర్లేదు, చెప్పినది నీ మీదే వాడతారు, లాయరును పెట్టుకోవచ్చు, స్తోమతు లేకపోతే ప్రభుత్వమే ఇస్తుంది అని ముందే చెప్పి తీరాలంది. ఆ దేశంలో పెద్ద దుమారం రేగింది. కోర్టు నేరగాళ్లను నెత్తికెక్కించుకుంటోందని 1968 అధ్యక్ష ఎన్నికల్లో రిచర్డ్ నిక్సన్ ఊరూరా ప్రచారం చేశాడు, గెలిచాడు. అయినా ఆ హెచ్చరిక పోలేదు. సినిమాల్లో, టీవీ సీరియళ్లలో పోలీసులు అప్పజెబుతుంటే పిల్లలకు కూడా కంఠతా వచ్చింది. 2000లో మళ్లీ పరీక్షకొస్తే సుప్రీంకోర్టు 7–2తో నిలబెట్టింది. మిరాండాను వేరే సాక్ష్యంతో మళ్లీ విచారించి శిక్షించారు. విడుదలయ్యాక 1976లో ఒక బార్‌లో జరిగిన గొడవలో కత్తిపోట్లకు చనిపోయాడు.

మన పాఠకుడికి చెప్పాల్సిన ముక్క ఒకటి ఆ తీర్పులోనే ఉంది. పోలీసుల చేతులు కట్టేస్తే నేరాలు పెచ్చుమీరుతాయన్న వాదనకు జవాబిస్తూ చీఫ్ జస్టిస్ ఎర్ల్ వారెన్ ఇతర దేశాల అనుభవం చూపించాడు. ఇంగ్లండు, స్కాట్లాండు, సిలోన్‌తోపాటు ఇండియానూ పేర్కొన్నాడు. మేజిస్ట్రేటు లేనిచోట పోలీసులతో ఒప్పుకున్నది 1872 నుంచీ అక్కడ చెల్లడం లేదు, దేశమేమీ మునిగిపోలేదు కదా అన్నది ఆయన ఉద్దేశం. అమెరికా 1966లో చేరిన చోటికి మద్రాసు రైతుల వేళ్లు నలిగిన పుణ్యాన ఈ దేశం తొంభై ఏళ్లకు పైగా ముందే చేరింది. ఆ నియమం గుల్లబారిపోకుండా కాపాడినవి పిఠాపురం ట్రంకు, పులిపాడు బల్లెం.

తేడా కూడా ఒకటుంది, దాన్ని దాచకూడదు. అమెరికాలో ఆ తీర్పు వీధిలోకి వచ్చింది. అక్కడ అరెస్టయిన మామూలు మనిషి తన హక్కును చెప్పుకోగలడు. మనదగ్గర నియమం మరింత గట్టిది. స్టేషనులో ఇచ్చిన నేరాంగీకారాన్ని హెచ్చరిక చేసినా చేయకపోయినా లెక్కలోకి తీసుకోరు. కానీ ఈ సంగతి లాయరు గదిలోనే ఉండిపోయింది. కోర్టు బోనులో నిలబడేవారిలో ఎక్కువమందికి తెలియదు.

స్వాతంత్ర్యం వచ్చాక, 1949 అక్టోబరులో ప్రివీ కౌన్సిల్‌కు అప్పీళ్లు ఆగిపోయాయి. ఆ తర్వాత కూడా సుప్రీంకోర్టు ఈ రెండు తీర్పులను పట్టుకునే నడిచింది. పార్లమెంటు మీద దాడి కేసులో 2005లో తీర్పిస్తూ సెక్షన్ 27 గురించి కోటయ్య కేసునే పేజీల కొద్దీ చర్చించింది. దేశమంతా ఉడికిపోయిన ఉగ్రవాద కేసులో కొలబద్ద అయింది గుంటూరు జిల్లా గడ్డివామిలో దొరికిన బల్లెం.

పాకాల కేసు మరో దారి తీసింది. ఎవరూ ఊహించని దారి. బంట్రోతు గడప దాటుతూ భార్యతో అన్న మాట చెల్లుతుందన్నారు కదా, ఆ సూత్రం అత్తింట్లో చనిపోయిన కోడళ్లకు పనికొచ్చింది. 1982లో పుణేలో పెళ్లయిన కొద్ది నెలలకే ఒక యువతి విషంతో చనిపోయింది. చనిపోవడానికి ముందు సోదరికీ, స్నేహితురాలికీ ఉత్తరాలు రాసుకుంది. 1984లో శరద్ బిర్దిచంద్ శారదా కేసు తీర్పులో సుప్రీంకోర్టు పాకాల కేసు సూత్రాన్ని విప్పి చెప్పింది. ఈ దేశంలో మరణ వాంగ్మూలానికి చావు భయం అక్కర్లేదు. మాట అన్నాక కొన్నాళ్లు గడిచినా సరే, ఆ చావుకు దారితీసిన కథలో అది ఒక భాగమైతే వినాల్సిందే అంది. ఆ కేసులో భర్త నిర్దోషిగా బయటపడ్డాడు. పరిస్థితుల సాక్ష్యం గొలుసులో ఒక్క కొక్కెం ఊడినా శిక్ష వేయరాదని అయిదు సూత్రాలు చెప్పి మరీ వదిలేశారు. కానీ పుట్టింటికి రాసిన ఉత్తరం, తల్లితో చెప్పుకున్న గోడు సాక్ష్యమవుతాయన్నది స్థిరపడింది. 1986లో వరకట్న మరణాల సెక్షన్ 304బి వచ్చాక వందల కేసుల్లో ప్రాసిక్యూటర్లు ఆ దారినే పోయారు. బాకీ కోసం బరంపురం రైలెక్కిన మనిషి భార్యతో చెప్పిన ఒక్క మాట, నోరు మూతపడ్డ ఎందరో ఆడవాళ్ల తరఫున మాట్లాడుతుందని 1937లో ఎవరనుకున్నారు?

ప్రివీ కౌన్సిల్ రోజులు పోయాక తెలుగు నేల నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లిన మరో కేసును కూడా ఒక్క మాట అనుకోవాలి. 1968 జూలైలో గుంటూరు జిల్లా రొంపిచర్ల కక్షల్లో ఒక పెద్దమనిషి బస్సెక్కి వెళ్తే, నెకరికల్లు దగ్గర కర్రలతో కాళ్లూ చేతులూ విరగ్గొట్టారు; అతను చనిపోయాడు. తలమీద దెబ్బ వేయలేదు కాబట్టి చంపాలన్న ఉద్దేశం లేదని హైకోర్టు శిక్ష తగ్గించింది. 1976లో సుప్రీంకోర్టు రాయవరపు పున్నయ్య కేసు తీర్పులో అది హత్యేనంది. హత్యకూ, హత్య కాని నరహత్యకూ తేడా తెలుసుకోవాలంటే ఇవాళ్టికీ లా విద్యార్థులు తెరిచేది ఆ తీర్పే. పల్నాటి పార్టీ కక్షలు దేశానికి పాఠాలు చెప్పినంతగా మన ఊళ్లకు బుద్ధి చెప్పలేదు.

2024 జూలై 1 నుంచి పాత సాక్ష్య చట్టం పోయి భారతీయ సాక్ష్య అధినియమం వచ్చింది. 25, 26, 27 సెక్షన్లు ఇప్పుడు 23వ సెక్షన్‌లో ఒకే గూటికి చేరాయి. పాత 32వ సెక్షన్ 26 అయింది. పోలీసు వాంగ్మూలాల సంగతి చెప్పే 162వ సెక్షన్ కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 181 అయింది. అంకెలు మారాయి గానీ సారం మారలేదు, కాబట్టి పాకాల, కోటయ్య తీర్పులు పాతవి కాలేదు.

నూజివీడు ఇప్పుడు ఏలూరు జిల్లాలో ఉంది. జిల్లా ఏదైనా, స్టేషనుకు పిలిస్తే వెళ్లే రైతుకూ కూలికీ ఈ చరిత్రలోంచి అక్కరకొచ్చేవి ఇవి. పోలీసులకు చెప్పిన నేరాంగీకారంతో కోర్టు శిక్ష వేయదు. చెప్పాల్సింది ఉంటే మేజిస్ట్రేటు ముందే చెబుతానని అడగవచ్చు. అరెస్టు చేసిన 24 గంటల్లోగా, ప్రయాణానికి పట్టే సమయం తీసేసి, మేజిస్ట్రేటు ముందుకు తేవాలని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతోంది. లాయరును సంప్రదించే హక్కూ అందులోనే ఉంది. లాయరు ఫీజుకు స్తోమతు లేనివారు కోర్టు ఆవరణలోని మండల న్యాయసేవా కమిటీకి ఒక దరఖాస్తు రాసిస్తే ఉచితంగా లాయరును ఇస్తారు.